వేకువ వేరు, ఉదయం వేరు

మా జిల్లా శాఖ తెస్తున్న కవితా సంకలనానికి వచ్చిన రచనలను చూసి, ఏరి, దిద్దే పని ఈసారి నాకు అప్పగించారు. ఒక దినపత్రికలో ఇరవై ఆరేళ్ళు ప్రూఫురీడరుగా, అందులోనూ ఎక్కువకాలం రాత్రి డ్యూటీలో పనిచేసినవాణ్ణి కనుక తప్పులు పట్టడంలో నాకు కాస్త పేరుంది. ఈసారి ఆ పేరే నా కొంప ముంచింది.

వచ్చినవాటిలో ఒక యువ కవయిత్రి రాసిన చిన్న కవిత ఉంది. ఆమెది వరంగల్లు వైపు. తల్లి పట్నంలో కాంట్రాక్టరు కింద రోడ్లు ఊడ్చే మనిషి. ఆ తల్లి "మబ్బుల" లేచి పనికి పోతుందన్నది కవితలో మొదటి మాట. నేను గుంటూరు జిల్లావాణ్ణి. మబ్బుల్లో లేవడమేమిటి, ఇది రాతలో దొర్లిన తప్పో, కుర్రతనపు అలంకారమో అయి ఉంటుందనుకున్నాను. ఆ మాట కొట్టేసి పైన "ఉదయాన" అని రాశాను. దిద్దిన ప్రతి ఆమెకు పంపారు. రెండు రోజుల తర్వాత ఫోను వచ్చింది. కోపం లేదు, గౌరవానికి లోటు లేదు. "సార్, మా అమ్మ ఉదయం పోదు సార్. మీరు ఉదయం అనేటాళ్ళకు ఆమె సగం బజారు ఊడ్సి ఉంటది" అన్నది.

తెలంగాణ పల్లెల్లో మబ్బుల అంటే చీకటి ఉండగానే అని అర్థం. మబ్బులనే లేచి, మబ్బులనే పోయి అంటారు. ఇది ఆ ప్రాంతంలో పసిపిల్లకు కూడా తెలిసిన మాట. నాకు తెలియకపోవడం నా లోపం. అయితే ఒక మాట అర్థం తెలియకపోవడం అంత పెద్ద నేరమేమీ కాదు, అడిగితే సరిపోతుంది. అడగకుండా దాని స్థానంలో నేను పెట్టిన మాట ఏది, ఆ మాటే నా చేతికి ఎందుకు తగిలింది అన్నది అసలు ప్రశ్న. ఈ వ్యాసానికి కారణం అదే.

ముందు ఆ కవితకు నేను చేసిన హాని చెబుతాను. అందులో చెప్పేది నాలుగైదేళ్ళ పిల్ల. తల్లి వెళ్ళడం ఆ పిల్ల ఎన్నడూ చూడలేదు. చీకట్లో నుదుటి మీద ఒక చెయ్యి ఆనుతుంది. ఆ చేతి గరుకు, ఆ చేతికి అంటుకుని ఉండే ఫినాయిలు వాసన, అంతే. తల్లి పొద్దుటి ముఖం ఎట్లా ఉంటుందో తనకు తెలియదంటుంది పిల్ల. ఇప్పుడు మొదటి మాటను "ఉదయాన" అని మార్చి చదవండి. వెలుగు వచ్చేసింది. వెలుగు ఉంటే పిల్ల తల్లిని చూస్తుంది. చూస్తే కవిత లేదు. ఒక్క మాట దిద్ది నేను కవిత మొత్తాన్ని రద్దు చేశాను. పైగా వర్గరీత్యా కూడా ఒక పని చేశాను: రోడ్లు ఊడ్చే మనిషికి, ఆఫీసుకు పోయే మనిషికి ఉండే పనివేళ ఇచ్చాను.

మన భాషలో ఈ సమయానికి ఉన్న మాటలు ఎన్నో, అవి ఒకదానికొకటి ఎంత దూరమో ఆ ఫోను తర్వాతే నేను కూర్చుని ఆలోచించాను. ఉదయం సంస్కృతపు మాట. పైకి రావడం అని అర్థం. పైకి వచ్చేది సూర్యుడు. కాబట్టి ఉదయం సూర్యుడికి సంబంధించిన సంఘటన. వేకువ అట్లా కాదు. వేగు అనే మాటకు తెల్లవారడమనే అర్థం ఉంది. వేగుచుక్క, వేగుజాము అందులోంచి వచ్చినవే. వేగుచుక్క కనిపిస్తున్నదంటే ఇంకా సూర్యుడు రాలేదన్నమాటే. అంటే వేకువ మొత్తం సూర్యుడు లేని కాలం. మన వాడుకలో వేగడానికి మంట మీద వేగడం, బాధతో వేగడం అనే అర్థాలు కూడా ఉన్నాయి. వ్యుత్పత్తి ఏదైనా చెవికి అవన్నీ ఒకేసారి వినిపిస్తాయి. తెల్లవారుజాము, కోడికూత వేళ, చీకటితోనే, మబ్బుల, పొద్దుగాల, పొద్దు పొడుపు, జాము పొద్దెక్కడం, అంబటి వేళ... ఇవన్నీ గడియారం లేని మనుషులు పనిని కొలుచుకున్న కొలతలు. అంబటి వేళ అంటే అంబలి తాగే వేళ. అప్పటికి ఒక పూట పని అయిపోతుంది. అంబలి ఎప్పుడు దొరుకుతుందన్నదాన్ని బట్టి పొద్దుకు పేరు పెట్టుకున్న జనం ఉదయాన్ని చూసే తీరు, కాఫీ తాగుతూ కిటికీలోంచి చూసేవారి తీరు ఒకటి కాదు.

ఇక "తెల్లవారింది" అన్న మాటలో ఉన్న చేదు చూడండి. వాడి బతుకు తెల్లారింది అంటే బాగుపడిందని కాదు, నాశనమైందని. రాత్రికి రాత్రే ముసలాయన తెల్లారిపోయాడంటే పోయాడని. వెలుగును ఆశకు గుర్తుగా వాడడం మన సాహిత్యానికి అలవాటు. జనం నోట అదే మాట చావుకు కూడా గుర్తు. ఈ రెండో అర్థం మన అభ్యుదయ కవిత్వంలోకి ఎంత వచ్చింది? నా చదువులో చాలా తక్కువ.

సంకలనానికి వచ్చిన మిగతా కవితలను ఈ దృష్టితో మళ్ళీ తిరగేశాను. సగానికి పైగా కవితలు తెల్లవారడంతో ముగిశాయి. కొన్నింట్లో ఉషోదయం, కొన్నింట్లో అరుణోదయం, కొన్నింట్లో తూర్పు ఎర్రబడడం. విషయం ఏదైనా సరే. రైతు ఆత్మహత్య మీద రాసిన కవితా అట్లాగే ముగిసింది, మూతపడిన మిల్లు మీద రాసినదీ అట్లాగే ముగిసింది. కవి ఎక్కడ దిక్కుతోచక ఆగిపోయాడో అక్కడ సూర్యుడు వచ్చి చెయ్యి అందించాడు. నాకు నవ్వు వచ్చింది. వెంటనే సిగ్గు కూడా వేసింది. ఎందుకంటే "ఉదయాన" అని దిద్దిన చెయ్యి ఈ చేతుల్లోదే.

పూర్వకాలపు కావ్యానికి పద్ధెనిమిది వర్ణనలు ఉండాలన్నారు. వాటిలో సూర్యోదయం ఒకటి. కథకు అవసరం ఉన్నా లేకున్నా కవి సూర్యోదయం వర్ణించాలి, తామరలు విచ్చుకోవాలి, తుమ్మెదలు బయటపడాలి. ప్రబంధ కవిత్వాన్ని భూస్వామ్య సంస్కృతి అవశేషమని మనం తిరస్కరించాం. తిరస్కరించి పద్ధెనిమిదింట్లో పదిహేడు వదిలేశాం. ఈ ఒక్కటి మాత్రం ఎర్రరంగు పూసి ఇంట్లోనే ఉంచుకున్నాం.

అలవాటుగా పడే ఈ మాటలో ఒక తాత్విక ప్రమాదం కూడా ఉంది. తెల్లవారడం అకర్మక క్రియ. ఎవరూ తెల్లవార్చరు, దానంతట అదే తెల్లవారుతుంది. "ఎంత పొడుగు రాత్రయినా తెల్లవారక తప్పదు" అని మనం వేదికల మీద ధైర్యం చెబుతుంటాం. తప్పనిదైతే ఇక మనుషులతో పనేముంది? దుప్పటి కప్పుకుని పడుకున్నవాడికీ తెల్లవారుతుంది, దోపిడీదారుకూ తెల్లవారుతుంది. అంతకంటే చిక్కు ఏమిటంటే, తెల్లవారిన ప్రతి రోజూ పొద్దు గూకుతుంది కూడా. సమాజం మారడాన్ని భూమి తిరగడంతో పోల్చినవాళ్ళు, మళ్ళీ చీకటి పడడాన్ని కూడా ప్రకృతి సూత్రంగా ఒప్పుకోవలసి వస్తుంది. చరిత్రను మనుషులు తయారుచేస్తారని నమ్మే మనం, చరిత్రకు ఖగోళశాస్త్రాన్ని పోలికగా తెచ్చుకోవడం గతితర్కం కాదు, చక్రభ్రమణం. ఆ మాటకొస్తే అది పంచాంగం.

వేకువ అట్లాంటిది కాదు. వేకువకు లేవాలి. లేచే మనిషి ఉంటేనే దానికి అర్థం.

అరుణోదయం అనే మాటలో ఒక కథ ఉంది. మనలో చాలామంది ఆ మాటను వాడతారు, కథను మరిచిపోతారు. ఆదిపర్వంలో వినత కథ. సవతి కద్రువకు పిల్లలు పుట్టారు. తన గుడ్లు ఇంకా పగలలేదు. తొందరపడి వినత ఒక గుడ్డును తానే చిదిపింది. లోపల బిడ్డకు పై శరీరమే ఏర్పడింది, తొడలు లేవు. అందుకే అతను అనూరుడు. తనను సగంలో బయటికి లాగినందుకు తల్లిని సవతికి దాసివి కమ్మని శపించాడు. రెండో గుడ్డునైనా ఓపికగా కాపాడుకో, అందులోంచి వచ్చేవాడు నీ దాస్యం తీరుస్తాడని చెప్పి సూర్యరథానికి సారథిగా వెళ్ళిపోయాడు. అతనే అరుణుడు. తర్వాత పుట్టినవాడు గరుత్మంతుడు. పురాణాన్ని పురాణంగానే చూద్దాం. అయినా దీన్ని అల్లిన మనసు ఒక సంగతి గమనించింది: సూర్యుడికి ముందు కనిపించే ఎరుపు ఇంకా పూర్తికాని దేహం. దాన్ని చూసి పగలు వచ్చేసిందనుకుంటే దాస్యం ఇంకా మిగిలే ఉంటుంది. అరుణోదయమని రాసే కవులు ఈ కథను గుర్తుపెట్టుకుని రాసి ఉంటే ఆ మాటకు ఎంత బలం వచ్చేదో!

అయితే ఈ ప్రతీక పుట్టుకతోనే అరిగిపోయిందని నేను అనడం లేదు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ జరిగింది. మరుసటి ఏడాది, 1944లో, హైదరాబాదులో మఖ్దూం మొహియుద్దీన్ మొదటి కవితా సంపుటి వచ్చింది. పేరు 'సుర్ఖ్ సవేరా', ఎర్రని పొద్దు. నిజాం రాజ్యంలో, ట్రేడ్ యూనియన్ పనిలో నిండా మునిగి ఉన్న కమ్యూనిస్టు ఆ పేరు పెట్టడానికి ధైర్యం కావాలి. ఆ మాటకు అప్పుడు ఖరీదు ఉంది. ఆ ఖరీదు చెల్లించినవాళ్ళూ ఉన్నారు. తర్వాతివాళ్ళం ఖరీదు లేకుండా ఆ మాటను వాడుకున్నాం.

ఇంకొక సంగతి. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ రైతాంగ పోరాటంలో దళాలు కదిలింది రాత్రిపూట. పగలు శత్రువుది. 1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యాలు వచ్చాక అది మరీ ఎక్కువైంది. తెల్లవారేసరికి దళం ఏ గుట్టల్లోనో, ఏ చెలకలోనో దాక్కోవాలి. అన్నం మూట తెచ్చే ఆడమనిషి వెలుగు రాకముందే తిరిగి ఊళ్ళోకి చేరాలి. చీకటి వాళ్ళకు శత్రువు కాదు, తోడు. పోరాటం మీద వచ్చిన కవిత్వంలో మాత్రం చీకటి నిజాం, వెలుగు విముక్తి. పోరాడినవాళ్ళ అనుభవం ఒకటి, వాళ్ళ కోసం రాసిన కవిత్వపు పోలిక ఇంకొకటి.

మఖ్దూం ఉర్దూ కవి కనుక ఉర్దూ సంగతి వచ్చింది. ఈ విషయంలో ఉర్దూ మనకంటే జాగ్రత్తగా ఉంది. సహర్ అంటే వెలుగు రాకముందటి వేళ. ఉపవాసాల నెలలో తినే సహరీ ఆ మాటలోంచే వచ్చింది. సుబ్హ్ అంటే పొద్దు. అందులో మళ్ళీ రెండు: సుబ్హ్-ఎ-కాజిబ్, సుబ్హ్-ఎ-సాదిఖ్. అబద్ధపు పొద్దు, నిజం పొద్దు. తూర్పున నిలువుగా ఒక తెల్లని కాంతి లేస్తుంది, కాసేపటికి మాసిపోతుంది. అది అబద్ధపుది. తర్వాత అడ్డంగా, దిగంతం పొడుగునా పరుచుకునేది నిజమైనది. ఉపవాసం మొదలయ్యేది ఈ రెండోదానితో. ఆకలికి సంబంధించిన లెక్క కనుక తేడా కచ్చితంగా తెలియాలి మరి.

ఫైజ్ అహ్మద్ ఫైజ్ 1947 ఆగస్టు మీద రాసిన కవితను ఈ వెలుగులో చదవాలి. శీర్షికలో ఆయన పెట్టిన మాట సుబ్హ్. స్వాతంత్ర్యపు పొద్దు అని శీర్షిక. లోపలికి వెళ్ళగానే ఎదురయ్యేది సహర్. శీర్షికలో ప్రకటితమైన పొద్దు ఒకటి, కవితలో మనుషులు ఎదురుచూసిన వేకువ ఇంకొకటి. వచ్చినది మనం బయలుదేరి వెతికినది కాదన్న బాధ ఆ కవిత సారాంశం. అయినా మిగిలిన దారి నడవాలంటాడు. దేశవిభజన నెత్తురు మధ్య, పాకిస్తాను ఏర్పడిన కొత్తలో, లాహోరులో ఒక పత్రికకు సంపాదకుడుగా ఉంటూ రాసిన కవిత అది. అభ్యుదయ రచయితల్లోనే అలీ సర్దార్ జాఫ్రీ దాన్ని తప్పుపట్టాడు. ఈ స్వాతంత్ర్యం ఎవరికి అసంపూర్ణమో కవి తేల్చి చెప్పలేదని, ఇదే మాట మతతత్వవాదులు కూడా అనగలరని ఆయన అభ్యంతరం. జాఫ్రీ అడిగినది న్యాయమైన ప్రశ్నే. ప్రతీకతో వచ్చే చిక్కే అది. ఎవరి నోట్లోనైనా ఇముడుతుంది. కాని నా ఉద్దేశంలో ఫైజ్ ఇచ్చిన జవాబు కూడా కవితలోనే ఉంది. వెలుగు వచ్చిందా లేదా అని కాక, వచ్చిన వెలుగు ఎట్లాంటిది అని అడిగాడు. తెలుగులో మనం మొదటి ప్రశ్న దగ్గరే ఎక్కువకాలం నిలబడిపోయాం.

అబద్ధపు వేకువ మన కథల్లో లేకపోలేదు. ఇంద్రుడు కోడై కూసిన కథ ఏ పల్లెలో అడిగినా చెబుతారు. గౌతముడు తెల్లవారిందనుకుని ఏటికి పోయాడు. మోసం చేసినవాడు ఒకడు, మోసపోయినవాడు ఒకడు, రాయి అయింది మాత్రం అహల్య. ఓల్గా గారు 'విముక్త' కథల్లో అహల్యను మాట్లాడించారు. నాకు ఎప్పటినుంచో ఒక కోరిక. ఎవరైనా ఆ కోడికూత మీద రాయాలని.

స్వాతంత్ర్యం కూడా అర్ధరాత్రే వచ్చింది. రష్యాలో 1917లో విప్లవానికి సంకేతంగా ఫిరంగి పేల్చిన ఓడ పేరు 'అరోరా', అంటే ఉషాదేవి. అది పేలింది రాత్రి పది కాకముందు. 1965లో దిగంబర కవులు తమ మొదటి సంపుటిని హైదరాబాదులో ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. ఆ వేళ కూడా అర్ధరాత్రి. వాళ్ళ కవిత్వం మీద నాకు అభ్యంతరాలు చాలా ఉన్నాయి, వాటిని చెప్పే చోటు ఇది కాదు. ఆ వేళ ఎంచుకోవడంలో మాత్రం వాళ్ళు తప్పు చేయలేదు. శ్రీశ్రీ తన పుస్తకానికి పెట్టుకున్న పేరు కూడా ప్రస్థానం, అంటే బయలుదేరడం. చేరుకోవడం కాదు, వెలుగు రావడం కాదు.

వీళ్ళందరికంటే ముందు 1941లో జాషువా ఒక పని చేశాడు. కాళిదాసు మేఘుణ్ణి పంపితే జాషువా గబ్బిలాన్ని పంపాడు. గుడిలోకి అడుగుపెట్టే హక్కు లేని మనిషి, రాత్రివేళ తన గుడిసెలోకి వచ్చిన గబ్బిలానికి తన గోడు చెప్పుకుని, కాశీనాథుడి చెవిన వెయ్యమని వేడుకుంటాడు. గబ్బిలానికి గుడి తలుపులు అడ్డం కావు. తెల్లవారితే గబ్బిలం ఎగరదు. అంటే ఆ కావ్యంలో సందేశం పోవాలంటే చీకటి ఉండాలి. అభ్యుదయ విమర్శ గబ్బిలంలోని కులసమస్య గురించి రాసింది, కరుణరసం గురించి రాసింది. చీకటిని ఆప్తురాలిగా చేసుకున్న ఆ పద్ధతిని, చీకటి అంటే అజ్ఞానం అనే మన సమీకరణాన్ని అది ఎట్లా తలకిందులు చేసిందో తగినంత పట్టించుకోలేదు. గబ్బిలం ఎట్లాగూ తలకిందులుగానే వేలాడుతుంది కదా!

ఈ విషయాలు మా శాఖ సమావేశంలో ముక్కలుముక్కలుగా చెప్పాను. ఒక సీనియర్ మిత్రుడు, నాకంటే ఎక్కువ చదివినవాడు, ఒప్పుకోలేదు. "ప్రతీకను నిఘంటువుతో కొలుస్తావా? ఉదయం అంటే కొత్త వ్యవస్థ అని పాఠకుడికి తెలుసు. అది చాలు. జైల్లో ఉన్నవాడికి, ఉరికంబం ముందు నిలబడ్డవాడికి ఆ మాట ఇచ్చిన ధైర్యం నీ వ్యుత్పత్తి ఇవ్వగలదా?" అన్నాడు. గట్టి మాట. అందుకే జైలు దగ్గరే జవాబు వెతికాను.

ఉరి తీసే వేళ ఏది? మన దేశంలో జైళ్ళ ఆనవాయితీ తెల్లవారుజాము. 1931 మార్చి 23న భగత్ సింగ్, రాజ్‌గురు, సుఖ్‌దేవ్‌లను సాయంత్రం ఉరితీశారంటే, జనానికి భయపడి ఆ ఆనవాయితీని కూడా తప్పారన్నమాట. ఎమర్జెన్సీ రాత్రి, 1975 జూన్ 25 దాటి 26 వస్తుండగా, అరెస్టులు మొదలైనదీ చీకటి ఉండగానే. నేను పత్రికలో ఉన్నన్నాళ్ళూ "తెల్లవారుజామున జరిగిన ఎదురుకాల్పుల్లో" అనే వాక్యాన్ని ఎన్నిసార్లు దిద్దానో లెక్క లేదు. అచ్చుతప్పులు మాత్రమే దిద్దాను. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు స్త్రీలను మామూలుగా అరెస్టు చేయరాదని 2005లో చట్టంలో సవరణ వచ్చింది. ఆ వేళకు రాజ్యం ఏం చేస్తుందో చట్టం రాసినవాళ్ళకు తెలుసు కనుకనే ఆ సవరణ అవసరమైంది. కాబట్టి తెల్లవారుజాము ఖైదీకి ఆశ కలిగించే వేళ కాదు, బూట్ల చప్పుడు వినిపించే వేళ. ఆ వేళ ధైర్యంగా నిలబడ్డవాడు వెలుగును చూసి నిలబడలేదు, తన నమ్మకం మీద నిలబడ్డాడు. మనం ఆ నమ్మకానికి "ఉదయం" అని పేరు పెట్టి అతని వేకువను అతని దగ్గరనుంచి తీసేసుకున్నాం. ఇది చెప్పాక నా మిత్రుడు కాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత "అయినా నేను మార్చుకోను" అన్నాడు. ఆయన ఇష్టం.

ఆ సమావేశంలో వెనక వరసలో కూర్చున్న ఒక అంగన్‌వాడీ కార్యకర్త మాట్లాడింది. మా సంఘంలో ఆమె కొత్త, కవిత్వం రాయదు. మీరు వెలుగు వెలుగు అంటున్నారు, మా వాడలో ఆడవాళ్ళకు వెలుగు రాకుండా ఉంటే బాగుండుననిపించేది అంది. మరుగుదొడ్లు లేని రోజుల్లో చెంబు పట్టుకుని పొలాల వైపు పోవాలంటే చీకటి ఉండాలి. ఎండాకాలం తొందరగా తెల్లవారుతుంది కనుక ఇంకా ముందు లేవాలి. ఆలస్యమైతే ఆ రోజంతా, మళ్ళీ చీకటి పడేదాకా, బిగబట్టుకుని ఉండాలి. 2014 తర్వాత ప్రభుత్వ పథకం కింద దొడ్లు కట్టారు. నీళ్ళు రానిచోట వాటిల్లో పిడకలు పెట్టుకున్నారు. ఇది చెప్పి ఆమె కూర్చుంది. హాలులో మగవాళ్ళం చాలామందిమి కాగితాల వైపు చూసుకున్నాం. నలభై ఏళ్ళుగా నేను చదివిన ఉషోదయ కవితల్లో ఈ ఉషోదయం లేదు.

ఇంటిపని సంగతి సరేసరి. వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టేటప్పటికి ఇంట్లో ఇంకెవరూ లేవరు. మగకవి లేచి తలుపు తీసేసరికి ముగ్గు ఉంటుంది. ముగ్గును ఉదయపు అందంగా వర్ణిస్తాడు. దాన్ని వేసిన వేళ అతనికి తెలియదు. 1948 ఫ్యాక్టరీల చట్టం ఉదయం ఆరుకు ముందు, సాయంత్రం ఏడు తర్వాత స్త్రీలతో ఫ్యాక్టరీలో పని చేయించరాదన్నది. ఆ చట్టం ఇంటి గడప దగ్గరే ఆగిపోయింది. గుళ్ళో సుప్రభాతం సంగతి కూడా ఇంతే. అందులో నిద్రపోయేది ప్రభువు. లేపేవాళ్ళు అప్పటికే లేచి, స్నానం చేసి, దీపం పట్టుకుని నిలబడి ఉంటారు. వాళ్ళను ఎవరు లేపారని ఏ మేలుకొలుపు పాటా అడగదు. మన విప్లవ గీతాలు చాలావరకు జనాన్ని నిద్రలేవమంటాయి. ఎవర్ని లేవమంటున్నాం? ఆ కవయిత్రి తల్లినా? ఆమె మూడున్నరకే లేచింది. నిద్రపోతున్నది ఎవరో తేల్చుకోకుండా మేలుకొలుపులు రాయడం మన అలవాటైపోయింది.

నా సంగతి కూడా చెప్పాలి. రాత్రి డ్యూటీలో సిటీ ఎడిషను పోయాక ఇంటికి నడిచి వచ్చేవాణ్ణి. ఆ వేళ వీధుల్లో చీపుళ్ళ చప్పుడు వినేవాణ్ణి. ఆ దుమ్ములో వంగి ఉన్న మనుషుల్ని ఎన్నో ఏళ్ళు దాటుకుంటూ వచ్చాను. నాకు అది రోజు ముగియడం, వాళ్ళకు మొదలవడం. అంటే ఆ వేళను నేను ఎరగనివాణ్ణి కాను, కళ్ళతో చూసినవాణ్ణే. అయినా కాగితం మీద ఆ వేళ ఎదురైనప్పుడు గుర్తుపట్టలేదు. చదువుకున్న కవిత్వం చూసిన జీవితం కంటే ముందు నా చేతికి అందింది. మాండలికం తెలియకపోవడం కంటే ఇది పెద్ద లోపమని నాకు అనిపిస్తున్నది.

సంపాదకవర్గంలో "మబ్బుల" మాట మీద మళ్ళీ చర్చ వచ్చింది. కోస్తా పాఠకులకు తెలియదు కనుక కింద అర్థం ఇద్దామన్నారు. నేను వద్దన్నాను. "ఉషస్సు"కు మనం ఎన్నడూ కింద అర్థం ఇవ్వలేదు. వరంగల్లు పాఠకుడు దాన్ని ఎట్లా తెలుసుకున్నాడో గుంటూరు పాఠకుడు దీన్ని అట్లాగే తెలుసుకుంటాడు. ఓటింగు పెడితే ఒక్క ఓటు తేడాతో నెగ్గాం. "అయినా మార్చుకోను" అన్న సీనియర్ మిత్రుడు మా వైపే చెయ్యి ఎత్తాడు. కారణం అడిగితే చెప్పలేదు.

కవితను మొదట ఉన్నట్టుగానే డి.టి.పి.కి పంపాం. రెండో ప్రూఫు నిన్న వచ్చింది. అక్కడి కుర్రాడు దాన్ని శ్రద్ధగా "మబ్బుల్లో" అని దిద్దాడు. కొట్టేసి, పక్కన "ఉన్నది ఉన్నట్టే ఉంచగలరు" అని రాసి, ఆమె ఫోను నంబరు కూడా ఇచ్చి పంపాను.